దొడ్డివాకిలి మూయకుండా ఇల్లు ఊడ్చినవాడి మాట

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శి పోయిన నెల ఫోన్ చేసి, "నువ్వు కంప్యూటర్ల మనిషివి గదప్పా, మనోళ్లకు పనికొచ్చేది ఓ పావుగంట చెప్పు" అన్నాడు. ఇరవై ఏడేళ్లుగా బెంగళూరులో నెట్‌వర్క్ ఇంజినీరుగా ఉన్నాను. కంప్యూటర్లలోకి దొడ్డిదారిన దూరే ప్రోగ్రాముల గురించి, వాటిని వదిలించుకునే పద్ధతి గురించి చెబుతానన్నాను. ఇంగ్లీషులో వాటిని బ్యాక్‌డోర్ అంటారు. అయితే నాకు తెలిసింది చెప్పే ముందు, నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. ఆ తప్పు వల్ల నష్టపోయిన మిత్రుడు ఈ సభలోనే ఉన్నాడు. "పేరు చెప్పొద్దు, జరిగింది మాత్రం చెప్పు" అన్నాడు.

మా మిత్రుడికి ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక బిల్లులన్నీ కంప్యూటర్లో చేయాల్సి వచ్చింది. అసలు సాఫ్ట్‌వేర్ కొనాలంటే వేలు అవుతుందని, తెలిసినవాడొకడు ఐదొందలకు కాపీ వేసిచ్చాడు. వేసేటప్పుడు "యాంటీవైరస్ ఒక్క నిమిషం ఆపాలన్నా, లేకపోతే ఎక్కదు" అన్నాడట. ఆపారు. ఎక్కింది. బిల్లులు బాగానే వచ్చినాయి.

2018 దసరా సెలవులకు నేను పరిగికి వచ్చినప్పుడు ఫోన్ చేశాడు. "రేయ్, మౌస్ దానంతటదే కదుల్తాందిరా. దయ్యమేమన్నా పట్టిందా దీనికి?" అన్నాడు. మరునాడు ధర్మవరం పోయినాను. యాంటీవైరస్ నడిపితే పదకొండు దొరికినాయి. అన్నీ తీసేశాను. కంప్యూటర్ వేగం పెరిగింది. వాళ్లింట్లో ఉగ్గాని, బజ్జీలు తిని, "ఇంక భయం లేదురా" అని చెప్పి వచ్చేసినాను.

దీపావళి ముందు వారంలో బెంగళూరు నుంచి ఒక షాపువాళ్లు అతనికి 1,86,000 రూపాయలు పంపాల్సి ఉంది. వాళ్లకు మా వాడి మెయిల్ నుంచే ఒక ఉత్తరం పోయింది. అంతకుముందు రాసుకున్న ఉత్తరాల కిందే, అదే మర్యాదతో, "మా బ్యాంకు ఖాతా మారింది, ఈ నంబరుకు వేయండి" అని ఉంది. వాళ్లు వేసేశారు. మావాడు ఇంకా డబ్బు రాలేదే అని ఫోన్ చేస్తే అప్పుడు బయటపడింది. ఆ ఉత్తరం మావాడు రాయలేదు.

అసలు బాధ ఇక్కడుంది. అతను రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. బ్యాంకుకు చెప్పలేదు, పోలీసులకు చెప్పలేదు, నాకూ చెప్పలేదు. "చదువుకున్నోడివి, ఇట్లా మోసపోతివా అని నవ్వుతారని" ఊరుకున్నాడు. మూడో రోజు చెప్పేసరికి ఆ డబ్బు ఖాతాలు మారి మారి చేతికందకుండా పోయింది. పండగకు మగ్గాల వాళ్లకు కూలి ఇవ్వాలి. వాళ్ల ఇంటావిడ గాజులు కుదవ పెట్టి ఇచ్చాడు. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. అనుంటే నాకు కొంచెం నెమ్మదిగా ఉండేది.

మళ్లీ పోయి, ఈసారి ఒక రోజంతా కూర్చుని చూశాను. మూడు సంగతులు దొరికినాయి. మొదటిది, రెండు గంటలకొకసారి దానంతటదే లేచి, నేను తీసేసిన ప్రోగ్రామును ఇంటర్నెట్ నుంచి మళ్లీ తెచ్చుకునే ఏర్పాటు. రెండోది, దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే ఒక మామూలు సాఫ్ట్‌వేర్. కంపెనీల్లో మేమూ అలాంటివే వాడతాం. అది దొంగ ప్రోగ్రాము కాదు కాబట్టి యాంటీవైరస్ దాని జోలికి పోలేదు. మూడోది అసలు కంప్యూటర్లోనే లేదు. అతని మెయిల్ సెట్టింగుల్లో ఉంది. వచ్చిన ప్రతి ఉత్తరానికీ ఒక నకలు ఎవరికో పోయేలా పెట్టారు. పాస్‌వర్డు ఎప్పుడో వాళ్ల చేతికి పోయింది. దాన్ని మార్చమని నేను చెప్పనే లేదు.

అంటే నేను ఇల్లంతా శుభ్రంగా ఊడ్చి, దొడ్డివాకిలి తెరిచే పెట్టి వచ్చేసినాను.

మన చెరువు కట్ట మీద ఆడుకున్నవాళ్లం మనమంతా. చెరువు నిండిన ఏడు పెద్దవాళ్లు కట్ట మీద నిలబడి నీళ్లు చూసి మురిసిపోయి ఊరుకునేవాళ్లు కాదు. కట్ట వెనక వాలు వెంబడి నడిచి, ఎక్కడైనా చెమ్మ ఊరుతోందా అని చూసేవాళ్లు. ఎండ్రకాయ చేసిన బొక్క చూడ్డానికి వేలు పట్టేంతే ఉంటుంది. దాంట్లోంచి నీళ్లు ఊరుతూ ఊరుతూ మట్టిని కోసుకుంటూ పోతే చివరికి గండి పడుతుంది. కింద చేరిన నీళ్లు ఎన్ని బిందెలు తోడినా లాభం లేదు. బొక్క ఎక్కడుందో వెతికి, తవ్వి, బంకమట్టి కూరి దిమ్మిస చేయాలి. నేను ఆ రోజు ధర్మవరంలో చేసింది నీళ్లు తోడడమే.

ఈ బ్యాక్‌డోర్ ఎట్లా పనిచేస్తుందో రెండు మాటల్లో చెబుతాను. మామూలు వైరస్ గొడవ చేస్తుంది, ఫైళ్లు చెరుపుతుంది, తెర మీద కనబడుతుంది. బ్యాక్‌డోర్ గొడవ చేయదు. దాని పని ఒక్కటే, తన యజమాని ఎప్పుడు కావాలంటే అప్పుడు లోపలికి రావడానికి దారి ఉంచడం. బయటివాడు నేరుగా వస్తే ఫైర్‌వాల్ అడ్డుకుంటుంది. అందుకని లోపల కూర్చున్న ప్రోగ్రామే బయటికి కబురు పంపుతుంది, "నేనిక్కడున్నాను, ఏం చేయమంటావు" అని. లోపలి నుంచి బయటికి పోయేదాన్ని ఫైర్‌వాల్ మామూలుగా ఆపదు. అటునుంచి ఆజ్ఞ వస్తుంది. మనం కొట్టే అక్షరాలన్నీ రాసిపెట్టు, తెర ఫొటో తియ్యి, ఫలానా ఫైలు పంపు, ఇంకో ప్రోగ్రాము దించుకో అని. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టినా తాను లేచేలా స్టార్టప్ జాబితాలోనో, టాస్క్ షెడ్యూలర్‌లోనో, సర్వీసుల్లోనో తన పేరు ఎక్కించుకుంటుంది. ఆ పేరు కూడా విండోస్ సొంత ఫైలు పేరులాగానే ఉంటుంది.

ఇది ధర్మవరం షాపుల వరకే జరిగేది కాదు. 2017 మే 12న వానాక్రై అనే దాడి మొదలై, దాదాపు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లను పట్టింది. ఫైళ్లకు తాళం వేసి, 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమంది. మన రాష్ట్రంలోనే చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో పోలీసు శాఖ కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. తాళం వేసిన సంగతి అందరూ చెప్పుకున్నారు. దాని వెనక డబుల్‌పల్సర్ అనే బ్యాక్‌డోర్ ఉన్న సంగతి తక్కువమంది చెప్పుకున్నారు. విండోస్‌లోని ఒక లోపం గుండా దూరి, జ్ఞాపకంలో కూర్చుని, అసలు దాడి చేసే ప్రోగ్రామును లోపలికి పిలిచేది అదే. ఆ లోపాన్ని వాడుకునే సాధనాలను తయారు చేసింది అమెరికా జాతీయ భద్రతా సంస్థ. వాటిని ఎవరో దొంగిలించి 2017 ఏప్రిల్‌లో లోకం మీదికి వదిలారు. ఆ లోపాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది. రెండు నెలలు సమయం ఉంది. వేసుకున్నవాళ్లు బతికిపోయారు, "తర్వాత చూద్దాంలే" అన్నవాళ్లు దొరికిపోయారు. డబుల్‌పల్సర్ మెషిన్ ఆపి పెడితే పోయేది. లోపం మాత్రం అట్లాగే ఉండేది, మళ్లీ దూరేది.

ఇంకొకటి ఒక బ్యాంకుది. హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి 2022 జనవరిలో 12.48 కోట్ల రూపాయలు కొల్లగొట్టారు. తుపాకీ లేదు, గోడకు కన్నం లేదు. అంతకు రెండు నెలల ముందు, 2021 నవంబరులో, ఉద్యోగులకు సుమారు రెండొందల మెయిళ్లు వచ్చాయి. అన్నిట్లో ఇద్దరే తెరిచారు. ఆ రెండు నొక్కులతో దూరం నుంచి నడిపే ప్రోగ్రాము లోపల కూర్చుంది. పెద్ద అధికారాలున్న పాస్‌వర్డులు సంపాదించి, ఒక శని ఆదివారాలు చూసుకుని పని ముగించారు. బ్యాంకులో రక్షణ ఏర్పాట్లు సరిగా లేవని ఆ తర్వాతి ఏడాది రిజర్వు బ్యాంకు 65 లక్షల జరిమానా వేసింది. ఇక్కడ గమనించాల్సింది ఆ రెండు నెలలు. దొంగ లోపలే ఉన్నాడు, చప్పుడు చేయలేదు. మా మిత్రుడి కంప్యూటర్లోనూ అంతే. మౌస్ కదిలింది దొంగ అజాగ్రత్త వల్ల, మన అదృష్టం వల్ల. ఆ అదృష్టాన్ని నేను వాడుకోలేదు.

చిన్న తేడా పట్టుకోవడం ఎంత పెద్ద పనో చెప్పడానికి ఇంకొక్కటి. 2024 ఫిబ్రవరిలో, ప్రపంచమంతా సర్వర్లలో వాడే లైనక్స్‌లోని ఎక్స్‌జడ్ అనే ఒక చిన్న ఉపకరణంలో ఎవరో బ్యాక్‌డోర్ పెట్టారు. నమ్మకంగా రెండేళ్లకు పైగా ఆ పనికి సాయం చేసి, నిర్వాహకుడి స్థానం దాకా ఎదిగి మరీ పెట్టారు. దాన్ని పట్టుకున్నది మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్. లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని అనుమానించి, ఆ దారం పట్టుకుని వెళ్లాడు. చెప్పకుండా విడిచిపెట్టి ఉంటే ఎన్ని లక్షల సర్వర్లలోకి పోయేదో.

ఇప్పుడు మన ఇళ్ల సంగతికి వద్దాం. మనవాళ్ల కంప్యూటర్లలోకి, ఫోన్లలోకి ఇది వచ్చే దారులు నాలుగైదే. డబ్బు కట్టకుండా వేసుకున్న క్రాక్ సాఫ్ట్‌వేర్. బిల్లు అనో, నోటీసు అనో మెయిల్లో వచ్చిన ఫైలు. డీటీపీ సెంటరుకూ, బడికీ, ఇంటికీ తిరిగే పెన్‌డ్రైవ్. అప్‌డేట్లు వేయని పాత విండోస్. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందని గుర్తు పెట్టుకోండి. ఇక ఫోన్లో అయితే వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు. పెళ్లిపత్రిక అంటారు, ట్రాఫిక్ చలానా అంటారు, బ్యాంకు కేవైసీ అంటారు. పెళ్లిపత్రిక బొమ్మగా వస్తుంది, పీడీఎఫ్‌గా వస్తుంది. అది యాప్‌గా ఎందుకు వస్తుంది? ఆ ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు. చివరిది, "సార్, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, ఈ యాప్ వేసుకుని నంబరు చెప్పండి" అనే ఫోన్. అక్కడ దొడ్డివాకిలి మనమే తీసి పిలుస్తున్నట్టు.

అనుమానం వచ్చిందంటే ఏం చేయాలి? వరుస ముఖ్యం, నేను తప్పింది వరుసలోనే.

ముందు ఇంటర్నెట్ తీసేయండి. వైర్ ఊడదీయండి, వైఫై ఆపండి. లోపలున్నది బయటికి కబురు పంపలేదు, బయటి నుంచి ఆజ్ఞ రాదు. ఆ కంప్యూటర్లో బ్యాంకు పని గానీ, మెయిల్ గానీ తెరవొద్దు.

రెండు, వేరే మంచి ఫోన్ నుంచి గానీ, కంప్యూటర్ నుంచి గానీ పాస్‌వర్డులు మార్చండి. మెయిల్‌ది మొదట, ఎందుకంటే మిగతా అన్నిటికీ తాళంచెవి అక్కడికే వస్తుంది. "అన్ని పరికరాల నుంచి లాగౌట్" అనేది నొక్కండి. ఫార్వర్డింగ్, ఫిల్టర్లు అనే చోట మనం పెట్టనిది ఏమన్నా ఉందా చూడండి. రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోండి. రోగం ఉన్న కంప్యూటర్లోనే కొత్త పాస్‌వర్డు కొడితే, దొంగకు కొత్తది మనమే చెప్పినట్టు.

మూడు, డబ్బు పోయిందంటే ఆ క్షణమే బ్యాంకుకు, 1930 నంబరుకు ఫోన్ చేయండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు ఇవ్వొచ్చు. డబ్బు ఇంకా ఖాతాల్లో ఉండగా చెబితే ఆపించే వీలుంది.

నాలుగు, అప్పుడు శుభ్రం చేయడం. విండోస్ నడుస్తుండగా వెతికితే లోపలున్నది దాక్కుంటుంది. అందుకే విండోస్ లేవకముందే వెతికే పద్ధతి వాడాలి. విండోస్‌లోనే డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఉంది, ఉచితం. కేంద్ర ప్రభుత్వం 2017లో పెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం కూడా ఉచితంగా సాధనాలు ఇస్తుంది. వాటిని వేరే మంచి కంప్యూటర్లో దించుకోవాలి. స్కాన్ అయ్యాక స్టార్టప్ జాబితా, టాస్క్ షెడ్యూలర్, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు, మనకు తెలియని యూజర్ ఖాతాలు, దూరం నుంచి నడిపే యాప్‌లు ఒక్కొక్కటీ చూడాలి. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆటోరన్స్ అనే ఉచిత ప్రోగ్రాము తనంతట తాను లేచేవన్నీ ఒకే చోట చూపిస్తుంది.

ఐదు, ఇంత చేసినా మనసులో అనుమానం ఉంటే, డిస్కు మొత్తం చెరిపి విండోస్ కొత్తగా వేయండి. బ్యాక్‌డోర్ విషయంలో నా వృత్తిలో వాళ్లు ఎక్కువమంది చెప్పేది ఇదే. లోపలికి వచ్చినవాడు ఇంకేం పెట్టాడో మనకు తెలియదు కదా. ఫొటోలు, లెక్కలు, ఉత్తరాలు వేరే డిస్కులోకి తీసుకోండి. ప్రోగ్రాములు తీసుకోవద్దు. కొత్త విండోస్‌కు అప్‌డేట్లన్నీ వేసి, స్కాన్ చేసి, ఆ తర్వాతే దాచిన ఫైళ్లు ఎక్కించండి. పాత క్రాక్ కాపీ మళ్లీ వేస్తే మాత్రం ఇంతసేపు చేసిందంతా చెరువులో పిసికిన చింతపండే.

ఫోన్ అయితే, అనుమానమున్న యాప్ తీసేసి, ఫొటోలు దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయడం మేలు. యాప్ తీసేయడానికి రాకపోతే, సెట్టింగుల్లో దానికి అడ్మిన్ అధికారం, యాక్సెసిబిలిటీ అధికారం ఇచ్చి ఉంటాం. ముందు అవి వెనక్కి తీసుకోవాలి.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. బడి ల్యాబ్ కంప్యూటర్లో పిల్లల ఆధార్ నంబర్లు, తల్లుల బ్యాంకు ఖాతాలు, మార్కుల జాబితాలు ఉంటాయి. అదే కంప్యూటర్లో పిల్లలు ఆటలు దించుకుంటారు, పెన్‌డ్రైవులు పెడతారు. ఆఫీసు పనికి ఒక కంప్యూటర్ వేరుగా ఉంచండి. పిల్లలు వాడేవాటికి అడ్మిన్ అధికారం లేని ఖాతా ఇవ్వండి. పాస్‌వర్డు కాగితం మీద రాసి మానిటర్‌కు అంటించొద్దు. మా కాలంలో హెడ్మాస్టరు గది తాళంచెవి ప్యూను మొలతాడుకు కట్టుకుని తిరిగేవాడు. అంత జాగ్రత్త చాలు.

సంఘానికీ ఒక మాట. మనం వసూలు చేసిన చందాలు, సభ్యుల ఫోన్ నంబర్లు ఒక ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. ఈ వారంలో ఎవరికైనా "సంఘం ఖాతా మారింది" అని మెయిల్ గానీ, వాట్సాప్ గానీ వస్తే, కోశాధికారికి ఫోన్ చేసి, ఆయన గొంతు విని, ఆ తర్వాతే పంపండి. ఆ బెంగళూరు షాపాయన ఒక్క ఫోన్ చేసుంటే గాజులు కుదవకు పోయేవి కావు.

చివరిగా, నేను ఇంతసేపు సాంకేతికం చెప్పాను గానీ, మా మిత్రుడికి జరిగిన నష్టంలో సగం నా అజాగ్రత్త, సగం ఆ రెండు రోజుల సిగ్గు. ఆ సిగ్గు అతనిది మాత్రమే కాదు. మోసపోయినవాణ్ణి చూసి నవ్వే అలవాటు మన అందరిదీ. ఊళ్లో ఎవరైనా "డబ్బు పోయిందబ్బా" అని చెబితే, "నీకా మాత్రం తెలీదా?" అనడం మానేద్దాం. "ఎంతసేపయింది? 1930కి చేసినావా?" అని అడుగుదాం. అట్లా అడిగే మనిషి ఒకడున్నాడని తెలిస్తే, తర్వాతివాడు రెండు రోజులు దాచుకోడు.

నేనూ దాచుకున్నవాణ్ణే. "నేను సరిగా చూడలేదురా" అని వాడితో చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. విని, "నాకు తెలుసులేరా, కాఫీ తాగు" అన్నాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ల్యాబ్ గదిలో కూర్చుంటాను. ల్యాప్‌టాప్ గానీ, ఫోన్ గానీ ఎవరికి అనుమానముంటే వాళ్లు తెచ్చుకోండి. వచ్చేముందు ఇంటర్నెట్ ఆపేసి రండి. నా పక్కన ఇంకొకాయన కూడా కూర్చుని ఉంటాడు. టాస్క్ షెడ్యూలర్ ఆయన నాకన్నా ఓపికగా చూస్తాడు. ఎవరని అడక్కండి.